షియాన్‌కి ఒక్కరోజు సరిపోతుందా? అమ్మానాన్నలతో వెళ్తున్నాం, సలహా కావాలి

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మేం సింగపూర్‌లో ఉంటాం. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లని తీసుకుని అక్టోబర్‌లో చైనా వెళ్దామని ప్లాన్. బీజింగ్‌కీ షాంఘైకీ ఎక్కువ రోజులు పెట్టేశాం, మధ్యలో షియాన్‌కి ఒక్కరోజే మిగిలింది. పొద్దున దిగి, చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపలాగా పూడ్చిపెట్టిన మట్టి సైనికుల్ని చూసి, సాయంత్రం కోటగోడ ఎక్కి, రాత్రి రైలెక్కేయాలి. నాన్న హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యారు, ఈ ట్రిప్ అంతా ఆయన కోసమే అనుకోండి. అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు, పైగా మోకాళ్ల నొప్పులు. ఒక్కరోజు సరిపోతుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పాతరాళ్లు
చాలదండీ. నాన్నగారు హిస్టరీ చెప్పిన మనిషి అంటున్నారు కాబట్టి మరీ చాలదు. ఆ ఒక్కరోజులో ఊళ్లో మీరు చూసేది దాదాపు ఏమీ ఉండదు, ఎందుకంటే మట్టి సైన్యం ఊరికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల అవతల లింతోంగ్ దగ్గర ఉంది, రానూపోనూ, అక్కడ నడవడం, తిండీ కలిపితే రోజు అయిపోతుంది.

షియాన్ పాత పేరు చాంగాన్. తాంగ్ వంశం ఏలిన కాలంలో, అంటే 618 నుంచి 907 దాకా, గోడల లోపలి విస్తీర్ణమే 84 చదరపు కిలోమీటర్లు, జనం పది లక్షల దాకా ఉండేవారంటారు. జపాన్ వాళ్లు నారా, క్యోటో నగరాలు కట్టుకున్నది దీని ప్లాన్ చూసే. ఆ ఊరు ఇప్పుడు లేదు. 904లో ఝూ వెన్ అనే సేనాని రాజధానిని లుయోయాంగ్‌కి మార్చేస్తూ మేడలన్నీ ఊడదీయించి, ఆ కలపని వెయ్ నదిలో వేసి తేలుస్తూ పంపించేశాడు. అందుకే చాంగాన్‌లో చెక్కతో కట్టినవన్నీ పోయి ఇటుకా రాయీ మిగిలాయి. ఇది మనసులో పెట్టుకుని తిరిగితే ఊళ్లో ఏది అసలు, ఏది మొన్న కట్టింది అన్నది మీకే తెలిసిపోతుంది.

మీరనుకుంటున్న కోటగోడ కూడా తాంగ్ కాలం నాటిది కాదు, మింగ్ కాలంలో 1370లో మొదలుపెట్టి 1378కి పూర్తి చేసింది. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, అయినా పాత చాంగాన్‌లో ఏడో వంతు జాగా మాత్రమే దీని లోపల పడుతుంది. మొదట్లో గట్టిగా దట్టించిన మట్టిగోడ, 1568లో ఇటుక తొడుగు వేశారు. 1980ల నుంచి బాగా మరమ్మతులు జరిగాయి. పైన 12 నుంచి 14 మీటర్ల వెడల్పు, సైకిళ్లు అద్దెకిస్తారు. దక్షిణ ద్వారం, యోంగ్‌నింగ్ అంటారు, దగ్గర ఎక్కండి. అమ్మగారికి బ్యాటరీ బండి ఉంటుంది.

నాణేలసంచి
నా అభిప్రాయం వేరు. మట్టి సైనికులే మానేయండి అంటాను. మేం వెళ్లినప్పుడు ఆ బొమ్మలు బయటపడ్డ ఒకటో గుంత ముందు రెయిలింగ్ దగ్గరికి చేరడానికే బ్రహ్మోత్సవాల్లో ఉన్నంత తోపులాట, ఫోన్లు పైకెత్తిన చేతులు తప్ప ఏమీ కనిపించలేదు. దానికి తోడు మమ్మల్ని తీసుకెళ్లిన టూర్ వాళ్లు దారిలో ఒక బొమ్మల ఫ్యాక్టరీ దగ్గర దింపి గంటల తరబడి కూర్చోబెట్టారు, కొనకపోతే మొహం మాడ్చుకున్నారు. పెద్దవాళ్లతో అది నరకం. దానికి బదులు ఊళ్లో ఉండిపోయి గోడా, గోపురాలూ నింపాదిగా చూసుకోవచ్చు కదా.

ఎంబీబీఎస్_షియాన్
అన్నా, టూర్ వాళ్లతో వెళ్తే అంతే. నేను ఆ ఊళ్లోనే మెడిసిన్ చదివాను, ఇంటి నుంచి ఎవరొచ్చినా నేనే తిప్పేవాణ్ని. మెట్రో 9వ లైన్‌లో హువాచింగ్‌చీ స్టేషన్ దాకా వెళ్లి అక్కణ్నుంచి బస్సు పట్టుకుంటే ఏ ఫ్యాక్టరీ దగ్గరా ఆగాల్సిన పని లేదు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో పాస్‌పోర్ట్ నంబర్‌తో తీసుకోవాలి, ఆ పాస్‌పోర్టే గేటు దగ్గర చూపించాలి. బయట మన వెంటపడి "మ్యూజియం ఇటే" అని పిలిచేవాళ్లతో అస్సలు వెళ్లకండి.

గోదారిగట్టు అక్కా, ముఖ్యమైన సంగతి, అక్టోబర్ మొదటి వారం వద్దే వద్దు. 1వ తేదీ నుంచి వాళ్ల జాతీయ సెలవులు, దేశమంతా రోడ్ల మీదే ఉంటుంది. రెండో వారం దాటాక వెళ్తే వాతావరణం హాయిగా ఉంటుంది, లింతోంగ్ దానిమ్మకాయలు కూడా దొరుకుతాయి, వాటికి ఆ ఊరు పెట్టింది పేరు.

పాతరాళ్లు
నాణేలసంచి గారూ, జనం సంగతి నిజమే కానీ మానేయమనడం అన్యాయం అనిపిస్తోంది. ఒకటో గుంత ముందు అందరూ ఆగిపోతారు, అక్కడే ఆగిపోతే ఫోటోలో చూసిందే మళ్లీ చూసినట్టు. 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పున్న హాలు అది. పక్కదారిలో నడుచుకుంటూ వెనక్కి పోతే రద్దీ పలచబడుతుంది, అసలు విషయం అక్కడుంది. అతికించే పని జరిగే చోటు అదే. తల లేని మొండేలు, నంబర్ చీటీలు కట్టిన చేతులు, సగం నిలబెట్టిన గుర్రాలు కనిపిస్తాయి. ఈ బొమ్మల్లో చెక్కుచెదరకుండా బయటపడ్డవి దాదాపు లేవు. పైకప్పు దూలాలు కాలి కూలిపోవడంతో ముక్కలైపోయాయి, ఒక్కో మనిషినీ ఏరి అతికించాల్సి వచ్చింది. 1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకి కనిపించింది కూడా ముక్కలే.

రెండో గుంతకి సంబంధించిన అద్దాల పెట్టెల్లో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఒకడున్నాడు. అతని వెనక్కి వెళ్లి కుడికాలి జోడు అడుగు భాగం చూడండి. కుట్లు చుక్కలు చుక్కలుగా చెక్కారు, బొటనవేలి వైపూ మడమ దగ్గరా దగ్గరదగ్గరగా, మధ్యలో పలచగా. ఎవరూ చూడని చోట, మట్టిలో పూడ్చిపెట్టబోయే బొమ్మకి ఆ శ్రద్ధ. నాన్నగారికి అది తప్పకుండా చూపించండి.

ఇవన్నీ ఒకప్పుడు రంగులేసిన బొమ్మలు. లక్కపూత మీద రంగు వేశారు. నేలలోంచి బయటికి తీయగానే ఆ లక్క ఎండి ముడుచుకుని, నిమిషాల్లో రంగు రాలిపోతుంది. తవ్వకాలు ఇంత నెమ్మదిగా సాగడానికి ఒక కారణం అదే. చిన్ షి హువాంగ్ సమాధి దిబ్బనైతే ఇంకా తెరవనే లేదు. క్రీ.పూ. 210లో చనిపోయిన ఆ చక్రవర్తి సమాధి లోపల పాదరసంతో నదులు పారించారని సిమా చియాన్ అనే పాతకాలపు చరిత్రకారుడు రాశాడు. ఆ దిబ్బ మట్టిని పరీక్షిస్తే పాదరసం మామూలు కంటే చాలా ఎక్కువగా కనిపించింది.

అమరారామం
ఇంతమంది ఇన్ని చెప్పారు, మన తెలుగువాళ్లకి షియాన్‌లో అందరికంటే దగ్గరవాడి గురించి ఎవరూ ఎత్తలేదేంటండీ! మాది గుంటూరు జిల్లా. అమరావతి స్తూపం పక్కన పెరిగినవాళ్లకి మన దేశమంతా తిరిగిన చైనా బౌద్ధ భిక్షువు హుయాన్‌త్సాంగ్ పేరు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆయన మన దేశం నుంచి తిరిగి చేరింది, అనువాదాలు చేసింది చాంగాన్‌లో. 645లో తిరిగొచ్చేటప్పుడు 657 గ్రంథాలు మోసుకొచ్చాడు. వాటిని భద్రపరచడానికి దాత్సియెన్ గుడిలో 652లో ఆయన కట్టించిందే పెద్ద హంస గోపురం. పెద్ద అడవి బాతు గోపురం అని కూడా అంటారు. మొదటి కట్టడం పాడైతే 701-704 మధ్య వూ జెతియన్ మహారాణి మళ్లీ కట్టించింది. ఇప్పుడున్నది ఏడంతస్తులు, 64 మీటర్లు.

ఆయన కళింగం, కోసలం మీదుగా దిగి ఆంధ్రదేశంలోకి వచ్చాడు. ఆయన చెప్పిన రాజధానిని మన ఏలూరు దగ్గరి వేంగిగా గుర్తించారు. ఆంధ్రుల మాట మధ్యదేశం మాటకంటే వేరుగా ఉంటుందనీ, అక్షరాల తీరు మాత్రం చాలావరకు ఒకటేననీ రాసుకున్నాడు. ఏడో శతాబ్దంలో మన భాష గురించి బయటివాడు రాసిన మాట అది! అక్కణ్నుంచి ధాన్యకటకం, అంటే మన అమరావతి దగ్గరికి వచ్చాడు. పూర్వశైల, అపరశైల విహారాల గురించి రాశాడు, అప్పటికే చాలా ఆరామాలు పాడుబడ్డాయని కూడా రాశాడు. సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు ఉండి బౌద్ధంలో ఒక పాత శాఖ అయిన మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడనీ, బదులుగా వాళ్లకి మహాయానం చెప్పాడనీ ఆయన జీవితచరిత్ర చెబుతుంది. కృష్ణ ఒడ్డున మనవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్న చదువు ఆ గోపురం దాకా వెళ్లింది. రాజమండ్రి నుంచి వెళ్లే లెక్చరర్ గారు అది చూడకుండా రైలెక్కితే ఎలాగండీ?

గోదారిగట్టు
అమరారామం గారూ, మీ పోస్ట్ నాన్నకి చదివి వినిపించాను. వెంటనే "టికెట్లు మార్చు" అన్నారు. షాంఘైలో ఒకరోజు తగ్గించి ఇటు కలుపుతున్నాం, వీలైతే ఇంకోటి కూడా. గోపురం పైదాకా ఎక్కనిస్తారా? ఇంకేం చూడాలి ఊళ్లో?

పాతరాళ్లు
ఎక్కనిస్తారు. గుడికి ఒక టికెట్, గోపురం ఎక్కడానికి ఇంకోటి. లోపల మెట్లు నిటారుగా ఉంటాయి, అమ్మగారు కింద గుడి ఆవరణలో కూర్చుంటేనే మంచిది. ఎక్కకపోయినా పోయేదేం లేదు, కింద దక్షిణం వైపు గుమ్మానికి అటూఇటూ గూళ్లలో రెండు శిలాఫలకాలు ఉన్నాయి, అవి 653 నాటివి. తైజోంగ్, గావోజోంగ్ చక్రవర్తులు, తండ్రీకొడుకులు, హుయాన్‌త్సాంగ్ అనువాదాల గురించి రాసిన మాటల్ని ఛూ సుయిల్యాంగ్ చేతిరాతలో చెక్కారు. చైనా వాళ్లు చేతిరాత నేర్చుకోవడానికి ఇప్పటికీ ఆ అక్షరాలే దిద్దుకుంటారు.

చిన్న హంస గోపురం నాకు ఇంకా ఇష్టం. జియాన్‌ఫు గుడిలో 707-709 మధ్య కట్టారు. సముద్రం మీదుగా భారతదేశం వచ్చి వెళ్లిన చైనా భిక్షువు ఇత్సింగ్ అనువాదాలు చేసింది ఆ గుడిలోనే. పదిహేను అంతస్తులుండేవి, ఇప్పుడు పదమూడే, పైవి 1556 భూకంపంలో పడిపోయాయి. ఆ భూకంపంలో దాదాపు 8,30,000 మంది చనిపోయారని అక్కడి పాత రికార్డులు చెబుతాయి, ప్రపంచ చరిత్రలోనే అంత ప్రాణనష్టం ఇంకే భూకంపంలోనూ నమోదు కాలేదు. అంత జరిగినా ఇది నిలబడింది. విరిగిన కొసని అలాగే వదిలేశారు, కొత్తగా అతికించలేదు, నాకు బాగా నచ్చిన విషయం అదే. తోట, పెద్ద చెట్లు, పక్కనే మ్యూజియం, జనం తక్కువ, అమ్మగారికి కూర్చునే చోట్లు బోలెడు.

డెలావేర్_తెలుగు
బేలిన్ మ్యూజియం, శిలాఫలకాల అడవి, వదలకండి ప్లీజ్. గోడ లోపల దక్షిణ ద్వారం దగ్గరే. 1087లో మొదలైంది. 837లో చెక్కిన 114 పలకలున్నాయి, కన్ఫ్యూషియన్ గ్రంథాలు పన్నెండూ రెండు వైపులా నిండా చెక్కారు, దాదాపు ఆరున్నర లక్షల అక్షరాలు. నకలు రాసేవాళ్ల తప్పులు పేరుకోకుండా అసలు పాఠం ఇదీ అని రాయి మీద నిలబెట్టారన్నమాట. పాతరాళ్లు గారు చెప్పిన 1556 భూకంపంలో వీటిలో కూడా చాలా పగిలాయి, అతుకులు కనిపిస్తాయి.

అక్కడే 781 నాటి క్రైస్తవ ఫలకం ఉంది. పైన తామరపువ్వు మీద సిలువ. చైనీసులో పాఠం, కింద సిరియాక్ లిపి. 635లో అలోపెన్ అనే మతగురువు చాంగాన్‌కి వచ్చాడని అందులో ఉంది. హుయాన్‌త్సాంగ్ అప్పుడు మన దేశంలో ఉన్నాడు! అటు ఒకడు వెతుక్కుంటూ బయల్దేరితే ఇటు ఒకడు చెప్పడానికి వచ్చాడు, రాజు ఒక్కడే, తైజోంగ్.

ఆ తైజోంగ్ యుద్ధాల్లో ఎక్కిన ఆరు గుర్రాల్ని ఆయన సమాధి జావోలింగ్ దగ్గర రాతిపలకల మీద చెక్కించాడు. నాలుగు బేలిన్‌లో ఉన్నాయి. మిగతా రెండూ మా ఫిలడెల్ఫియాలో పెన్ మ్యూజియంలో ఉన్నాయి, వందేళ్ల కిందట దేశం దాటించేశారు. షియాన్‌లో ఆ రెండింటి చోట నకళ్లు పెట్టారు. మా దగ్గరున్న ఒక పలకలో గుర్రం ఛాతీలో బాణం దిగి ఉంటుంది, సేనాని ఎదురుగా నిలబడి రెండు చేతులతో దాన్ని లాగుతుంటాడు, గుర్రం తల వంచి అతని ఒంటికి ఆనించి ఓర్చుకుంటూ ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా దాని ముందు నుంచి కదలబుద్ధి కాదు నాకు. అవి రెండూ వెనక్కి వెళ్లాలనే నా కోరిక, ఆరూ ఒకచోట ఉండాల్సినవి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలో ఉండే మనవాళ్లు ముందు ఇక్కడ చూసి తర్వాత షియాన్ వెళ్తే ఆ ఖాళీ ఏమిటో బాగా తెలుస్తుంది.

ఎంబీబీఎస్_షియాన్
బేలిన్‌లో ఫలకాల నుంచి కాగితం మీదికి అచ్చు తీసేవాళ్లు ఉంటారు, అదృష్టం బాగుంటే పని చేస్తుంటే చూడొచ్చు. పలక మీద తడి కాగితం అంటించి, బ్రష్‌తో అక్షరాల గుంటల్లోకి దిగేలా కొట్టి, కాస్త ఆరాక సిరా ముంచిన గుడ్డ ఉండతో టపటపా అద్దుతారు. గుంటలు తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. అమ్మ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

ఇప్పుడు తిండి సంగతి. డ్రమ్ టవర్ వెనక హుయ్ ముస్లింల వీధులున్నాయి, అందరూ అక్కడికే పంపిస్తారు. అక్కడ ఎక్కువగా బీఫ్, మటన్. రోజ్యామో అని రొట్టె మధ్య మాంసం పెట్టి ఇస్తారు, ఆ వీధుల్లో అయితే బీఫ్, బయట అయితే పంది మాంసం, తినేవాళ్లు కూడా అడిగి తినండి. పావోమో అని ఇంకోటి, గట్టి రొట్టె ఒక గిన్నెలో ఇస్తారు, దాన్ని మనమే శనగగింజంత ముక్కలుగా తుంచి ఇస్తే వంటగదిలో మటన్ పులుసులో ఉడికించి తెస్తారు. తుంచేటప్పుడు కబుర్లాడుకోవడమే అందులో మజా. ఆంటీకి ల్యాంగ్‌ఫీ ఉంది, చల్లటి వెడల్పాటి నూడుల్స్, వెనిగర్, కారం నూనె, కీరా, మొలకలు వేస్తారు, మన నాలుకకి బాగా పడుతుంది. పెర్సిమన్ పళ్లతో చేసిన బూరెలు కూడా వేడివేడిగా దొరుకుతాయి. "మాంసం, చేప, గుడ్డు, ఎముకల పులుసు ఏదీ వద్దు" అని చైనీసులో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. కూరగాయల నూడుల్స్ అని చెప్పినా పులుసు మాంసానిదే కావచ్చు, అందుకే పులుసు సంగతి విడిగా అడగాలి. పెద్ద గుళ్ల దగ్గర బౌద్ధ శాకాహార హోటళ్లుంటాయి, అవి నిశ్చింత. డబ్బు విషయానికొస్తే ఫోన్‌లో డబ్బు కట్టే అలీపే యాప్‌లో మీ కార్డు ఇంటి దగ్గరే ఎక్కించుకుని వెళ్లండి, నోట్లకి చిల్లర లేదంటారు చాలా చోట్ల.

నాణేలసంచి
ఆ ముస్లిం వీధుల్లోనే పెద్ద మసీదు ఉంది, దాని గురించి నేను చెబుతాను. బయట అరుపులు, పొగ, జనం, గేటు దాటగానే నిశ్శబ్దం. గుమ్మటం లేదు, మినార్ లేదు, ఎనిమిది మూలల చైనా మండపమే మినార్ పని చేస్తుంది. ఒకదాని వెనక ఒకటి ప్రాంగణాలు, చెక్క తోరణాలు, రాతి ఫలకాల మీద ఒకవైపు చైనీసు, ఇంకోవైపు అరబ్బీ. 742లో పుట్టిందని చెబుతారు, ఇప్పుడు కనిపించే కట్టడాలు ఎక్కువగా మింగ్ కాలం తర్వాతవే. చైనా గుళ్లు దక్షిణానికి తిరిగి ఉంటాయి కదా, ఇది మాత్రం తూర్పు పడమరలుగా సాగుతుంది, నమాజు మక్కా వైపు చేయాలి కాబట్టి. ప్రార్థన హాల్లోకి ముస్లింలు కానివాళ్లని రానివ్వరు, గడప బయట నుంచి చూడాల్సిందే.

ఇంకో మాట. పెద్ద గోపురం దక్షిణాన తాంగ్ కాలం పేరుతో దీపాల వీధి కట్టారు. అదంతా కొత్తది. సినిమా సెట్ చూడటానికి అంతదూరం వెళ్లాలా అనిపించింది.

కొత్తపల్లి_సైకిల్
అదేంటండీ అలా తీసిపారేస్తారు. కొత్తదే, కాదని ఎవరన్నారు? సాయంత్రం ఆ వీధిలో ఆడపిల్లలు తాంగ్ కాలం పద్ధతిలో జడలు చుట్టుకుని, నుదుట ఎర్రటి పువ్వు బొట్టు దిద్దుకుని, పొడుగు చేతుల బట్టలు అద్దెకి తీసుకుని గుంపులుగా తిరుగుతుంటారు, వాళ్ల అమ్మమ్మలు కూడా. తమ ఊరి చరిత్ర అంటే వాళ్లకి ఉన్న మురిపెం అది. మా పిల్లలకి శిలాఫలకాల కంటే ముందు ఆ వీధే నచ్చింది, ఆ బట్టల్లో ఉన్న రాణి ఎవరని అడిగి అడిగి వూ జెతియన్ కథ మొత్తం చెప్పించుకున్నారు. రాత్రి అక్కడ, పగలు అసలువాటి దగ్గర, రెండూ పెట్టుకోండి.

నడకమాష్టారు
పిల్లలు వూ జెతియన్ గురించి అడిగారంటే సంతోషం. ఆమె సమాధి చియాన్‌లింగ్ ఊరికి వాయవ్యంగా సుమారు 80 కిలోమీటర్లు, భర్త గావోజోంగ్‌తో కలిపే సమాధి. చైనా చరిత్రలో తన పేరు మీద సింహాసనం ఎక్కిన ఒకే ఒక్క స్త్రీ ఆమె. ఆమె కోసం నిలబెట్టిన పెద్ద రాయి మీద అప్పట్లో ఒక్క అక్షరం కూడా చెక్కలేదు. ఎందుకు చెక్కలేదని వెయ్యేళ్లకి పైగా వాదించుకుంటున్నారు. దారి పక్కన పరదేశ రాయబారుల రాతి విగ్రహాలు 61, దాదాపు అన్నిటికీ తలలు లేవు.

అదే దిక్కుగా ఇంకా ముందుకి, పడమరగా సుమారు 120 కిలోమీటర్లలో ఫామెన్ గుడి. 1981లో వానలకి అక్కడి ఇటుక గోపురం సగం నిలువునా కూలింది. మళ్లీ కట్టడానికి పునాది శుభ్రం చేస్తుంటే 1987లో కింద రాతిగది బయటపడింది, 874లో మూసి సీలు వేసింది. బంగారు, వెండి పాత్రలు, పట్టుబట్టలు, గాజు సామాను, వాటితోపాటు ఒకదానిలో ఒకటి అమర్చిన పెట్టెల్లో బుద్ధుడి వేలి ఎముకగా పూజించే ధాతువు. అక్కడ దొరికిన సామాను జాబితా కూడా రాతిపలక మీద చెక్కి అక్కడే పెట్టారు, తవ్వినవాళ్లు దాంతో సరిచూసుకున్నారు. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుపేటికల గురించి తెలిసిన లెక్చరర్ గారికి ఈ గుడి దగ్గర గంటలు గంటలు పట్టొచ్చు. బయట కట్టిన కొత్త ఆవరణ మరీ పెద్దది, ఎండలో నడవలేం, బండి ఎక్కేయండి. రెండూ కలిపి ఒక రోజు, కారు మాట్లాడుకోవాలి.

గోదారిగట్టు
అందరికీ చాలా థాంక్స్. అక్టోబర్ మూడో వారానికి మార్చాం. ఒక రోజు లింతోంగ్, ఒక రోజు గోడ, బేలిన్, మసీదు, ఇంకో రోజు గోపురాలు రెండూ. ఫామెన్ అంత దూరం అమ్మ కూర్చోలేదు, మానేస్తున్నాం. నాన్న ఒకటే అడుగుతున్నారు, హుయాన్‌త్సాంగ్ సమాధి ఎక్కడ, చూడనిస్తారా అని.

అమరారామం
చూడనిస్తారు. షింగ్‌జియావో గుడి, ఊరికి దక్షిణాన 20 కిలోమీటర్ల పైచిలుకు దూరం. 664లో ఆయన పోయాక వేరేచోట సమాధి చేసి, 669లో ఇక్కడికి మార్చి ఐదంతస్తుల ఇటుక గోపురం కట్టారు. పక్కన ఇంకా చిన్నవి రెండు గోపురాలు, శిష్యులవి, ఒకాయన కుయ్‌జీ, ఇంకొకాయన కొరియా నుంచి వచ్చిన వాన్‌చుక్. 2014లో సిల్క్ రోడ్ కట్టడాలతో కలిపి యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఊళ్లో పెద్ద గోపురం దగ్గరుండే జనంలో పదో వంతు కూడా ఉండరు.

ఎంబీబీఎస్_షియాన్
గోపురాల రోజు పొద్దున్నే ముందు అక్కడికి వెళ్లి, మధ్యాహ్నానికి ఊళ్లోకి వచ్చేయండి అక్కా. వెళ్లిన టాక్సీనే ఆపుకోండి, తిరిగి రావడానికి అక్కడ బండి దొరుకుతుందన్న నమ్మకం లేదు. డ్రైవర్‌కి గుడి పేరు చైనీసులో చూపించాలి, ఇంగ్లీషులో చెబితే ఊళ్లో పెద్ద గోపురానికే తీసుకెళ్లిపోతారు.